దిష్టి తగలని మార్కులు

తణుకు వృద్ధాశ్రమంలో సేవలకు మార్కులు వేయడానికి వచ్చిన మరమనిషి "ఎలా ఉన్నారు?" అని అడిగితే, అందరూ "ఏదో, ఇలా ఉన్నాం" అన్నారు. అది సున్నాలు చుట్టేసింది. ఇక ఆశ్రమం మూతపడ్డట్టే.

"బాగున్నామని చెప్పొచ్చుగా మామ్మా!" నర్సు ఎస్తేరు ఏడుపొక్కటే తక్కువగా అంది.

"నువ్వింత బాగా చూసుకుంటున్నావని పైకి చెబితే నీకు దిష్టి తగలదుటే, పిచ్చిపిల్లా?" కసిరింది కనకరత్నం మామ్మ.

గుమ్మం దాటబోతున్న మరమనిషి ఆ మాట విని ఆగింది. వెనక్కొచ్చి సున్నాలన్నీ కొట్టేసి, ఆశ్రమానికి మొదటి ర్యాంకు ఇచ్చింది.

ఎస్తేరు ఆనందం పట్టలేక, "నీ ఉద్యోగం ఎలా ఉంది బాబూ?" అని అడిగింది.

మరమనిషి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"ఏదో, ఇలా నడుస్తోందమ్మా."