కిటికీ బల్ల

"నా తోలు మీంచి చెయ్యి తియ్యి!"

హొరేస్ అరుపుకి కోత గదిలో ఏప్రన్లు కట్టుకుంటున్నవాళ్లంతా ఆగిపోయారు. ఫ్యాక్టరీ కూత ఇంకా మోగలేదు. పక్క బల్ల సిరిల్ అతని బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. హొరేస్ ఆ పూట కొయ్యాల్సిన నల్ల దూడ తోలు సిరిల్ చేతుల్లో ఉంది.

సిరిల్ తోలును బల్ల మీద పడేసి, కుడిచెయ్యి గబుక్కున జేబులో దోపుకున్నాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఏం లేదు. బాగుందని చూస్తున్నా."

"బాగున్నది నువ్వు లాక్కుని, నీ దిక్కుమాలిన తోలు నాకు అంటగడదామనా?"

నార్తాంప్టన్ బూట్ల ఫ్యాక్టరీల్లో ఒకడి కత్తినీ, ఒకడికిచ్చిన తోలునూ ఇంకొకడు ముట్టుకోడు. పైగా ఉత్తరపు వెలుగు పడే ఆ కిటికీ బల్ల దక్కినవాడే ఖరీదైన బూట్లకి తోలు కోస్తాడు. హొరేస్ తర్వాత ఆ బల్ల సిరిల్‌దేనని గదిలో అందరికీ తెలుసు.

"కిటికీ బల్ల మీద కన్ను పడిందిరోయ్!" అని వెనక బల్లనుంచి ఇంకో కోతగాడు రెజ్ అంటించాడు.

"పడనీ. నేను చచ్చాక కూర్చోమను!"

ఫోర్‌మన్ టెబట్ టై సర్దుకుంటూ వచ్చాడు. "పొద్దున్నే ఏమిటయ్యా ఈ గోల?"

"మీరే చూడండి టెబట్ గారూ! కింద తోళ్ల గదివాళ్లేమో ఈ మధ్య నా తోళ్ల మీది మచ్చలకి వెండి రంగు సున్నాలు చుట్టి మరీ పంపుతున్నారు, పసిపిల్లాడికి చూపించినట్టు. పోనీలే అని ఊరుకున్నా. పైన వీడేమో నా తోళ్లే మార్చేస్తున్నాడు. ఈ గదిలో నాకు పరువుందా లేదా?"

టెబట్ సిరిల్ వైపు తిరిగాడు. "ఆయన తోలు నీ చేతికెందుకొచ్చింది?"

సిరిల్ ఒక్కసారి హొరేస్ మొహంలోకి చూశాడు.

"తప్పయిపోయింది, సార్."

"విన్నారా! వీడు నా పక్కనుంటే నేను కత్తి పట్టను. వాడో నేనో తేల్చండి."

టెబట్ తల గోక్కున్నాడు. చేతి నిండా లండన్ ఆర్డరు. ఇలాంటప్పుడు హొరేస్‌ని వదులుకోవడం కుదరదు. అందుకే సిరిల్‌ని గది చివర, బూట్ల లోపలి అస్తరు కోసే బల్లకి పొమ్మన్నాడు. పనొచ్చినవాడికి అంతకన్నా అవమానం లేదు. సిరిల్ కత్తి, సానరాయి తీసుకుని బయల్దేరాడు. హొరేస్‌ని దాటుతూ మెల్లిగా అన్నాడు:

"వెలుగు చూసుకుని కొయ్యి, హొరేస్."

"నాకు చెప్పొచ్చావా! పో!"

మర్నాడు హొరేస్ ఛాతీ విరుచుకుని పనిలోకి దిగాడు. తోలును నిలువునా అడ్డంగా లాగి సాగు ఎటుందో చూశాడు. వెన్ను పక్కన గట్టిగా ఉన్నచోట బూటు ముక్కుకి, పొట్ట దగ్గర వదులుగా ఉన్నచోట లేసుల కిందుండే నాలుకకి నమూనాలు పెట్టాడు. ఆ పూట తోలు మీద సున్నాలు లేవు. 'కిందవాళ్లకి బుద్ధొచ్చింది' అనుకున్నాడు. కత్తి నమూనా చివరికొచ్చి టిక్కుమన్నప్పుడల్లా అతనికి ప్రాణం లేచొచ్చింది. ఒక్క కిటికీయే విసిగించింది.

"ఈ అద్దాలు కడిగి ఎన్నాళ్లయిందిరా? అంతా బొగ్గు మసి!"

"నిన్ననే కదయ్యా కడిగింది" అన్నాడు రెజ్.

"కళ్లు మూసుకుని కడిగుంటారు!"

భోజనాల వేళకి టెబట్ వచ్చి, కోసిన ముక్కలు కొన్ని బల్ల మీద విసిరేశాడు.

"ఏమిటిది హొరేస్?"

"బూటు ముక్కు. అంతకన్నా బాగా ఎవడు కోస్తాడో కొయ్యమనండి."

"ముక్కు మీదేముంది?"

హొరేస్ దాన్ని కిటికీ వైపు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. నున్నగా, నల్లగా నిగనిగలాడుతోంది. టెబట్ అతని బొటనవేలు పట్టుకుని దాని మీద పెట్టి జరిపాడు. అప్పుడు తగిలింది, కంచె ముల్లు గీసిన గీత. రెండో ముక్క మీద పశువుల ఈగ తొలిచిన సన్నటి చిల్లులు.

"సగం ఇలాగే ఉన్నాయి. మంచి తోలంతా తగలేశావు. ఇంకోసారి ఇలా జరిగితే నువ్వు కూడా అస్తరు బల్లకే."

హొరేస్ చెవులు ఎర్రబడ్డాయి. ముక్కలు పిడికిట్లో నలిపేస్తూ, చెక్క మెట్లు దడదడలాడిస్తూ కిందికి దిగాడు. తోళ్ల గదిలో లెన్ కట్టల మీద కూర్చుని కొవ్వు రాసిన రొట్టె తింటున్నాడు.

"ఇదిరా మీ నిర్వాకం!" ముక్కలు అతని ఒళ్లో కొట్టాడు హొరేస్. "ఇన్నాళ్లూ అడక్కపోయినా సున్నాలు చుట్టారు. ఇవాళెందుకు చుట్టలేదు? సిరిల్ గాడు వద్దన్నాడా? నన్ను గద్దె దింపాలని అంతా కుమ్మక్కయ్యారా?"

లెన్ నమలడం ఆపేశాడు. "సున్నాలా? మేమా? కోత గదివాళ్లకి మచ్చ చూపిస్తే బతకనిస్తారా మమ్మల్ని?"

"మరి ఎవడు చుట్టాడు?"

"నాకేం తెలుసయ్యా? తోలు మీద గీసేది మా దగ్గర ఇదొక్కటే." అరమీదున్న వెండి రంగు పెన్సిలు చూపించాడు లెన్. "దీన్ని రోజూ పొద్దున్నే సిరిల్ పట్టుకెళ్లి, కూత మోగే లోపల తెచ్చిచ్చేవాడు. తనకి ఈ మధ్య చూపు ఆనడం లేదట, మచ్చలు ముందే గుర్తు పెట్టుకోవాలట, పాపం. 'తెలిస్తే నా బల్ల పోతుంది, ఎవరితో అనకు, హొరేస్‌తో అసలే అనకు' అని నా చేతులు పట్టుకున్నాడు."