తేనెలో రంగరించిన మాత్ర

ఆ పొద్దున కొండల మీద మబ్బు పట్టింది. చినుకు మాత్రం రాలలేదు.

సుశీలమ్మ పలక ముక్క మీద మాత్ర నూరింది. తేనెచుక్కలో రంగరించి, వేలితో కూతురి నాలుకకు రాసింది.

ఆ వైపు పిల్లలకు ఏ మందైనా అంతే. వసకొమ్మయినా, జ్వరం బిళ్ళయినా.

ఫెబీకి తొమ్మిదేళ్ళు. బడిలో నిమిషం కుదురుగా కూర్చోదు. ఒంగోలులో డాక్టరమ్మ చూసి ఏడీహెచ్‌డీ అంది. పొద్దున ఒక్క మాత్ర, సాయంత్రం దాకా పనిచేస్తుంది అంది. బడిలో పిల్ల ఎట్లా ఉంటుందో గంటగంటకూ రాయించుకు రమ్మని కాగితం కూడా ఇచ్చింది. సుశీలమ్మ దాన్ని బడి సారుకు ఇచ్చింది.

నెలైంది. పొద్దున పిల్ల గుండె దడదడమంటుంది. మధ్యాహ్నానికి మళ్ళీ పరుగులు, ఏడుపు.

“ఈ నెలా కుదరకుంటే బడి మాన్పించి నాతో కూలికి తీసకపోతా,” అంది మొగుడు ఆశీర్వాదంతో.

ఆ మధ్యాహ్నం బడికి వెళ్ళింది. ఫెబీ బోరింగు చుట్టూ తిరుగుతోంది. కొత్త వంటామె కోటిరత్నం, ఫెబీ కంచంలోని అన్నం, గుడ్డు తన బాక్సులో సర్దుకుంటోంది.

కోటిరత్నానిది ఏ ఊరో ఎవరూ అడగలేదు. పొద్దున బస్సుకు వస్తుంది, సాయంత్రం బస్సుకు పోతుంది.

“ఏందక్కా అది? నా బిడ్డ కంచంలోది నీ బాక్సులోకి పోతాందే!”

“పాప ఇప్పుడు తినదమ్మా.”

“నువ్వు పెడితే గదా తినేది! పుల్ల మాదిరి అయిపాయె నా బిడ్డ.”

“తర్వాత తింటది.”

“ఎవరు తినేది? మీ ఇంట్లోవాళ్ళా?”

పిల్లలు పకపకా నవ్వారు. కోటిరత్నం బాక్సు మూత పెట్టింది.

సుశీలమ్మ నలుగురినీ కూడగట్టుకొచ్చింది. అందరూ అరిచారు. మూడో రోజు కోటిరత్నాన్ని తీసేశారు.

పోతూ పోతూ ఆమె ఒక్క మాట అంది.

“మందు మాత్రం మాన్పించబాకమ్మా.”

“దొంగముండకు మందు సంగతి ఎందుకంట!” అని ఎవరో అన్నారు.

ఒంగోలు పోయే రోజు సారు కాగితం తెచ్చి ఇచ్చాడు. సుశీలమ్మకు చదువు రాదు. డాక్టరమ్మే పైకి చదివింది.

“తొమ్మిది, చేతులు వణుకు. పది, ఒకేచోట కూర్చొని లెక్కలు చేసింది. పన్నెండు, అన్నం వద్దంది. ఒంటిగంట, ఏడుపు, పరుగు. నాలుగు, ఆకలి. దాచిన అన్నమంతా తిన్నది.”

సుశీలమ్మ తలెత్తింది.

డాక్టరమ్మ ఫెబీ నాడి పట్టి చూసింది.

“మధ్యాహ్నానికే మందు అయిపోతోంది. మాత్ర ఎట్లా ఇస్తున్నారు?”

“నూరి, తేనెలో పెడతాండా మేడమ్.”

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

“నూరకూడదమ్మా. పగలంతా కొంచెం కొంచెంగా వదిలేటట్టు చేసిన మాత్ర ఇది. నూరితే అంతా ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. ప్రమాదం.”

వెంట వచ్చిన ఆశీర్వాదం బత్తాయి తోటలో పనిచేస్తాడు. డాక్టరమ్మ మాట అందుకున్నాడు.

“డ్రిప్పు పైపు మొదట్లోనే నరికినట్టు. మొదటి చెట్టు మునుగుతాది, చివరి చెట్టు ఎండుతాది.”

“అంతే. నేనే విప్పి చెప్పాల్సింది. పొద్దున కడుపుకు పెట్టి, నీళ్ళతో అట్లాగే మింగించు. మధ్యాహ్నం ఆకలి తగ్గుతుంది. సాయంత్రం అడుగుతుంది, అప్పుడు పెట్టు. ఇంతకూ ఇది రాసిందెవరు? బాగా కనిపెట్టారు.”

“మా సారు మేడమ్.”

మర్నాడు సుశీలమ్మ బడికి పోయి సారుకు దండం పెట్టింది.

“నేను కాదు సుశీలమ్మా. అయిదు తరగతులూ నా నెత్తినే. రాసింది కోటిరత్నం.”

“ఆ పొద్దు చెప్పొచ్చు గదా సారూ!”

సారు చేతులకంటిన సుద్ద దులుపుకున్నాడు.

“అందరూ అరుస్తాంటే…” అని ఆపేశాడు.

ఆదివారం చర్చి కాగానే ముగ్గురూ బస్సెక్కారు. ఆమె రోజూ దిగే చోటు కండక్టరు చెబితే తర్లుపాడు దాటాక దిగి, అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నారు.

“వచ్చినారా? కాళ్ళు కడుక్కోండి,” అంది కోటిరత్నం, నిన్న మొన్న పోయి వచ్చిన చుట్టాలతో అన్నట్టు.

“తప్పయిపోయిందక్కా.”

“పాప మింగుతాందా?”

“మింగుతాంది. మొన్న రెండు పాఠాలు కూర్చున్నదంట.”

“అయితే చాలు.”

“మళ్ళా బడికి రా అక్కా. నేనే పోయి చెప్తా.”

“వేరేవాళ్ళను పెట్టుకున్నారంట గదా. వాళ్ళ పొట్ట కొట్టబాక.”

అయిదు కంచాలు వేసింది. జొన్నరొట్టె, వంకాయ కూర.

“అయిదో కంచం ఎవరికక్కా?” అంది సుశీలమ్మ.

“కూర్చోండి, వస్తాది.”

లోపలి గదిలోంచి ఒకామె వచ్చింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి. చెప్పుల దగ్గరికి పోయింది, కుండ మూత ఎత్తి చూసింది, వచ్చి ఫెబీ పక్కన కూర్చుంది.

“మా ఉమ,” అంది కోటిరత్నం.

రొట్టె తుంచుతూ అంది.

“ఇట్లాంటిదానికి మందు ఉందని, సారు మీ కాగితం చదివిన పొద్దే నాకు తెలిసింది.”

కుదురు లేదని మూడో తరగతిలోనే కోటిరత్నం బడి మాన్పించిన ఆ కూతురు కంచం ముందు నుంచి మూడుసార్లు లేచింది, మూడుసార్లూ తల్లే ఆమెను చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.