కాళ్లు లేని నెమలి

"గీ కాళ్లు లేని నెమలితోటి నన్ను చావమంటవా? మీదికి పోతే యమధర్మరాజు నవ్వడా?"

కిష్టమ్మ చెయ్యి చాచి అరుస్తోంది. అరవాల్సింది ఫొటోగ్రాఫర్ రామన్న మీద. అతను చీకటిగదిలో ఫొటో కడుగుతూ తలుపు బిగించుకున్నాడు కనుక తిట్లన్నీ అతని భార్య సత్తెమ్మ పాలబడ్డాయి.

బోరబండలో రామన్న దుకాణం బోర్డు మీద ఒక పక్క కెమెరా, ఇంకో పక్క సూది. ఫొటోలు తీస్తాడు, తల్లి నేర్పిన పచ్చబొట్లు పొడుస్తాడు. జాతరలో ఊరు ఊరంతటికీ ఒక్క పూటలో పొడిచేసే మనిషి, దుకాణం ముందు బెంచీ మీద కాచుకున్న ఈ నలుగురి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సూది మొండిబారిందంటాడు, పసరు పలచబడిందంటాడు, అమావాస్య వెళ్లనీ అంటాడు. ఒట్టి బద్ధకమని సత్తెమ్మ ఎప్పుడో తేల్చేసింది.

"అక్కా, నా హనుమంతుని తోక సంగతేంది?" అన్నాడు పెంటయ్య. రాయదుర్గం గుట్టల్లో రాళ్లు కొట్టే మనిషి. "తోక లేకపాయె, గద లేకపాయె. చూసినోళ్లంత ఈ పహిల్వాన్ ఎవడని అడుగుతున్నరు."

"నాదింకా అన్యాయమండీ," అన్నాడు కొత్త యూనివర్సిటీలో గుమాస్తాగా చేరిన విశ్వేశ్వరరావు. అతని చేతి మీద 'జయ' అని మాత్రమే ఉంది. "మా ఆవిడ పేరు జయలక్ష్మి. ఈ జయ ఎవతో చెప్పేదాకా అన్నం పెట్టనంటోంది. ఆ మిగిలింది కూడా పొడిచేస్తే నా సంసారం నిలబడుతుంది."

ముందు నాదంటే నాదని బెంచీ బెంచీ అంతా లేచింది.

వాళ్ల మాట అటుంచితే, సత్తెమ్మ చేతిమీదే తోక లేని చిలక ఒకటుంది. చంటిబిడ్డ పోయిన ఏడు, ఒక పొద్దున ఆమె ఉత్త చేతులతో గోపన్‌పల్లి ఊరికి పోతున్నానని గడప దాటబోతుంటే, రామన్న పట్టుకుని కూర్చోబెట్టి అడగకుండానే పొడవడం మొదలుపెట్టాడు. తోక రేపన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. ఆ రోజుల్ని తలచుకోవడం సత్తెమ్మకు ఇష్టం ఉండదు కాని, చిలక కంటపడినప్పుడల్లా మొగుణ్ణి తిట్టుకోవడం మాత్రం మానదు.

అంతలో సోమేశ్వరరావుగారు గొడుగు మడుస్తూ వచ్చారు. ఆయన ఆత్మహత్యల నివారణ సంఘానికి కార్యదర్శి. చావబోయి ఆగిపోయిన మనుషుల ఫొటోలు తీయించి పట్నంలో ప్రదర్శన పెట్టాలని ఆయన పట్టుదల. "అసుంటోళ్లు నాకు తెలుసు సారూ" అని రామన్న పని ఒప్పుకున్నాడు. ఇంతవరకు ఒక్కణ్ణీ చూపించలేదు. తీసింది కార్యదర్శిగారి ఫొటో ఒక్కటే. గుమ్మంలో పెద్ద సైజులో పెట్టడానికి. ఇప్పుడు లోపల కడుగుతున్నది అదే.

"ఆదివారమే ప్రదర్శనండీ సత్తెమ్మగారూ! మనుషులేరీ? ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. ఈ పూట చూపించకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తాను."

సత్తెమ్మ గబగబా ఆయనకు అడ్డం వచ్చింది. ఈ పని పోతే దుకాణం మూసుకోవలసిందే. "జర ఆగుండ్రి సారూ. గీళ్లల్ల ఎవరన్న పనికొస్తరేమో చూడుండ్రి."

ఆయన బెంచీని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసి పెదవి విరిచారు. "వీళ్లేం పనికొస్తారండీ! ముఖంలో మృత్యువును చూసొచ్చిన ఛాయ ఉండాలి. తోక కోసం కొట్టుకుంటున్నారు, వీళ్లకు బతుకు మీద ఎంత తీపో చూడండి!"

ఇక లాభం లేదనుకుంది సత్తెమ్మ. ముందు ఈ గోల ఆగితే సారు నిమ్మళంగా కూర్చుంటాడు. రోజూ పసరు నూరేది తనే, సూది పట్టడం మాత్రం రాదా?

"చెయ్యి ఇటియ్యి అత్తా. రెండు కాళ్లే గద, నేను పొడుస్త."

"సల్లగుండు బిడ్డా!" కిష్టమ్మ ముఖం విప్పారింది. "ఇగ నాకు ఫికర్ లేదు. ఏడికన్న పోవచ్చు."

చీకటిగది తలుపు దభాలున తెరుచుకుంది. రామన్న తడిచేతులతో ఒక్క దూకు దూకి సూది లాక్కున్నాడు. వెలుతురు తగిలి, లోపల ట్రేలో కార్యదర్శిగారు కుంపటి బొగ్గులా నల్లబడిపోయారు.

"నా ఫొటో!" అన్నారాయన.

"నీకేమన్న దయ్యం పట్టిందా?" సత్తెమ్మ మొగుడి మీద మండిపడింది. "మొదటి దినం వీళ్లంత ఊరికి పొయ్యేదున్నది, తొందరగ కానియ్యమన్నోళ్లే. నువ్వు నాన్చి నాన్చి ఒక్కల్ని ఏ ఊరికి పోనిస్తలేవు!"

"నిజమే," అన్నాడు రామన్న.

"ఇంతకీ నీ మనుషులెక్కడయ్యా?" సోమేశ్వరరావుగారు గొడుగు నేలకేసి కొట్టారు.

రామన్న ఇద్దరినీ చీకటిగదిలోకి పిలిచి గొంతు తగ్గించాడు. "బెంచీ మీదున్నోళ్లే సారూ. ఆళ్లను అడగకుండ మీకెట్ల చెప్పాలెనని ఆగిన. ఊరికి పోతున్నమన్నరు. ఏ ఊరంటే చెప్పలే. చేతిల సంచన్న లేదు. మీలెక్క మంచి మాటలు చెప్పుడు నాకు రాదు. సగం బొట్టుతోటి పోతే మీద రానియ్యరని మా అవ్వ అనేది. అదే చెప్పిన. సగం పొడిచి మళ్ల రమ్మన్న. వస్తనే ఉన్నరు."

సోమేశ్వరరావుగారు తలుపు సందులోంచి బెంచీ వైపు మళ్లీ చూశారు.

"నా నెమలి కాళ్లేవయ్యా?" బయటి నుంచి కిష్టమ్మ అరిచింది.

"అమాస ఎల్లినంక రా!" లోపలి నుంచే కేకేశాడు రామన్న.

సత్తెమ్మ తన చేతిమీది తోక లేని చిలకను చూసుకుంది.