జాబితాలో లేని పుస్తకం

"అక్కా, లిస్పు నేర్చుకోవాలంటే ముందు ఏ పుస్తకం చదవాలి?"

నోటిదాకా వెళ్ళిన టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. లిస్పక్క తలెత్తి చూసింది. టికెట్ల సెక్షన్‌లో పనిచేసే ఆవిడ, కొత్త నోటుపుస్తకం ఒకటి చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"నీకెందుకమ్మా లిస్పు?"

"మేనేజరుగారు నేర్చుకోమన్నారు. రెండు నెలలు టైమిచ్చారు. ఎందుకంటే మాత్రం చెప్పరు. పుస్తకాల సంగతి మిమ్మల్నే అడగమన్నారు."

లిస్పక్క గుండెల్లో రాయి పడింది.

ఆ బస్సుల కంపెనీలో నాలుగు వందల మంది డ్రైవర్లు. ఎవరు ఏ బస్సు ఎక్కాలో, ఎవరికి ఏ రోజు సెలవో తేల్చేది ముప్ఫై ఏళ్ళనాటి ఒక కంప్యూటరు ప్రోగ్రాము. దాన్ని రాసిన భాష లిస్పు. దాని జోలికి వెళ్ళగలిగే మనిషి కంపెనీ మొత్తానికీ ఒక్కతే. అందుకే ఆమెకా పేరు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనిపించదు. మూడేళ్ళ కిందట పొట్టకు ఆపరేషనైతే, కుట్లు ఆరకముందే ఆస్పత్రి మంచం మీద నుంచి ఫోనులో చెప్పి ప్రోగ్రాము బాగుచేయించింది. ఆ మంట మీద మేనేజరుకు రెండు పేజీల ఉత్తరం కూడా దంచింది. దానికి అతీగతీ లేదు, ఆమే మర్చిపోయింది. ఎంత సణుక్కున్నా, ఇల్లు గడిచేదీ కూతురి చదువు నడిచేదీ ఆ ఉద్యోగం మీదే.

'రెండు నెలల్లో ఈవిడ నేర్చుకుంటుంది. ఆ మర్నాడు నన్ను సాగనంపుతారు. ఓహో, ఇదన్నమాట!'

"రేపు జాబితా రాసిస్తాలే" అంది, నవ్వు తెచ్చిపెట్టుకుని.

సాయంత్రం ఇంట్లో అలమర ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పై అరలో సన్నటి నీలం అట్ట పుస్తకం. పసిపిల్లకు అడుగులు నేర్పినట్టు వేలు పట్టుకుని నడిపించే పుస్తకం అది. దాన్ని ముట్టుకోలేదు. చివర చదవాల్సిన దిమ్మలాంటి పుస్తకాన్ని జాబితాలో మొదట రాసింది. రెండోది అసలు వాళ్ళ లిస్పుదే కాదు, దాని దాయాది భాషది. మూడోది నిండా గణితం.

కూతురు భుజం మీంచి తొంగిచూసింది. "అదేంటమ్మా, నీలం పుస్తకం రాయలేదేం? నువ్వు నేర్చుకుంది దాంతోనేగా?"

"నీ పని నువ్వు చూసుకోవే తల్లీ!"

ఆ వారంలోనే అనుమానం ముదిరింది. ఎవరో వడ్రంగి వచ్చి ఆమె గదిని ఈ గోడ నుంచి ఆ గోడకు టేపుతో కొలిచాడు. ఎందుకయ్యా అంటే, "మేనేజరుగారు కొలవమన్నారండీ" అన్నాడు. కుర్చీలో మనిషి ఉండగానే గది కొలుస్తున్నారు! మేనేజరు వరండాలో ఎదురై, "మీకు సెలవులెన్ని మిగిలాయమ్మా?" అని అడిగాడు.

"చాలానే ఉన్నాయి సార్, ఎందుకూ?"

"అబ్బే, ఊరికే."

ఊరికేనట! లెక్క తేల్చి పంపడానికి కాకపోతే సెలవులతో ఈయనకేం పని?

టికెట్ల ఆవిడ మాత్రం మొండిది. నెల తిరిగేసరికి కళ్ళు పీక్కుపోయాయి. "అక్కా, ఈ బ్రాకెట్లు ఎక్కడ తెరుచుకుంటాయో ఎక్కడ మూసుకుంటాయో అంతు చిక్కట్లేదు. మీరెలా చూస్తారు?"

ఏ బ్రాకెట్‌కు ఏది జతో తెర మీద రంగు వేసి చూపించే మీట ఒకటుంది. లిస్పక్క చటుక్కున తెర ఆపేసింది.

"వేళ్ళతో లెక్కపెట్టుకోవడమే. నేనూ అలాగే నేర్చుకున్నా."

"నీలం అట్ట పుస్తకం ఒకటి తేలిగ్గా ఉంటుందటగా?"

"అదా? చిన్నపిల్లల పుస్తకం. టైం దండగ."

ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. ఆ నమ్మకం చూసి లిస్పక్క వెనక్కి పిలవబోయింది. కానీ కూతురి ఫీజు గుర్తొచ్చి నోరు కట్టేసుకుంది.

గడువుకు పది రోజుల ముందే ఆవిడ మూడు పుస్తకాలూ తెచ్చి బల్ల మీద పెట్టింది. "నావల్ల కాదక్కా. మీకు దండం. నా టికెట్లే నాకు మేలు."

హమ్మయ్య! ఆ రోజు లిస్పక్క రెండు టీలు తాగింది. మూడోది తెప్పించుకునేలోపే మేనేజరు పిలిచాడు.

"కూర్చోండమ్మా. ఆవిడ పోయిన వారమే నా దగ్గర చేతులెత్తేసింది. ఈ భాష మామూలు మనుషులకు ఎక్కదని పైవాళ్ళు తేల్చేశారు. ఒక్కరి మీదే ఆధారపడితే ప్రమాదమట. ప్రోగ్రామే తీసేసి కొత్తది కొంటున్నారు. మూడు నెలల తర్వాత మీ పోస్టు ఉండదు."

లిస్పక్క కుర్చీలోంచి లేచింది. ఒక్కసారిగా కట్ట తెగింది.

"నాటకాలెందుకు సార్! నన్ను తీసేయడానికేగా ఆవిడకు లిస్పు నేర్పించబోయారు? గది కొలిపించారు, సెలవులు లెక్కపెట్టారు. నాకు తెలీదనుకున్నారా?"

మేనేజరు తెల్లబోయి చూశాడు. "గది కొలిపించింది రెండో బల్ల వేయించడానికమ్మా."

"రెండో బల్లా?"

ఆయన సొరుగు లాగి ఒక ఫైలు తీశాడు. "మూడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి పైవాళ్ళను ఒప్పించాను. ఆవిడ రెండు నెలల్లో నేర్చుకుంటేనే అన్నారు. ముందే చెప్పి ఆశపెట్టడమెందుకని ఊరుకున్నాను. ఇదంతా ఈ ఒక్క ఉత్తరం మీద నడిచింది. చదవండి."

రెండు పేజీలు. మడతల దగ్గర పసుపెక్కాయి.

'ఈ బరువు ఒక్కరు మోసేది కాదు. ఇంకొకరికి లిస్పు నేర్పించి తోడు ఇవ్వండి. ఒక్క నెల సెలవు దొరికితే చాలు. ఆ వచ్చేవాళ్ళు నీలం అట్ట పుస్తకంతో మొదలుపెడితే రెండు నెలల్లో వచ్చేస్తుంది.'

కింద సంతకం ఆమెదే.