మచ్చలు తీయని ఫోటో

"ఈ పచ్చ మచ్చలు తీసెయ్యమ్మా. ఫోటో అదిరిపోతుంది," అన్నాడు ఫ్యాక్టరీ మేనేజరు.

"తియ్యను," అంది స్టూడియోలో ఫోటోలకు మెరుగులు దిద్దే అమ్మాయి.

స్టూడియో యజమాని గతుక్కుమన్నాడు. ఆయన ఆమెకు సొంత బాబాయి. అస్తమించే సూర్యుణ్ణి అరచేతిలో పెట్టుకుని ఊళ్ళో జంటలు దిగే ఫోటోలన్నిటిలోనూ లెన్స్ ఫ్లేర్‌ని, అంటే ఎదురు వెలుగు లెన్సులో పడి ఏర్పడే ఇలాంటి మచ్చల్ని, తుడిచేది ఈ పిల్లే. ఆ పని ఆమెకు మంచినీళ్ళు తాగినంత తేలిక.

ఇది మాత్రం ఆమె ఇంట్లోవాళ్ళు తీసిన ఫోటో. ఫ్యాక్టరీవాళ్ళు క్యాలెండర్ కోసం పోటీ పెడితే తనే పంపింది. మొదటి బహుమతి వచ్చింది. ఎర్రటి ఆకాశం, నల్లటి షెడ్లు, పొగగొట్టం వెనక కళ్ళు చెదిరే వెలుగు. ఆ వెలుగు నుంచి ఏటవాలుగా దిగిన పచ్చమచ్చల వరస.

"సూర్యుడు గొట్టం చాటున ఎలా నక్కాడో చూడండి! మా డైరెక్టరుగారు మురిసిపోయారు," అన్నాడు మేనేజరు. "పోయినేడు ఇక్కడేదో ప్రమాదం జరిగిందని పుకార్లు పుట్టించి కంపెనీ పరువు తీశారట. నేనప్పటికి రాలేదులెండి. ఈ క్యాలెండరు చూస్తే జనం అన్నీ మర్చిపోవాలి."

"ఫోటో తీసింది మా అన్నయ్య. తీసి, ఫోను నా చేతిలో పెట్టి, మీ ఫ్యాక్టరీకే పరుగెత్తాడు."

"మావాడేనా! ఏ షిఫ్టు?"

"పని మానేసి ఎటో పోయాడని మీవాళ్ళే చెప్పారు."

బాబాయి ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"పంతం ఎందుకే? క్యాలెండర్ల పనంతా మనకే ఇస్తామంటున్నారు. పోయేది మచ్చలే కదా!"

"ఒక్క మచ్చ తుడిచినా, రేపు మొత్తం నేనే గీశానంటారు బాబాయ్." ఆమె మేనేజరు వైపు తిరిగింది. "అన్నయ్య తీసినట్టే అచ్చవ్వాలి. 'ఏ మార్పూ చేయని ఫోటో' అని కింద కంపెనీయే వెయ్యాలి. లేదంటే మీ బహుమతి మీరే పట్టుకుపొండి."

బాబాయి తల పట్టుకున్నాడు. మేనేజరు పకపకా నవ్వాడు. డైరెక్టరుకు నచ్చిన ఫోటో లేకుండా వెనక్కి వెళ్ళే ధైర్యం ఆయనకు లేదు.

"సరే తల్లీ, నువ్వే గెలిచావు. కింద ఇంకేమైనా వెయ్యాలా?"

ఆమె చీటీ మీద ఒక ముక్క రాసిచ్చింది. ఆయన చదివీ చదవకుండానే సంతకం గీకేసి కారెక్కాడు.

కొత్త సంవత్సరం మొదటి రోజుకే క్యాలెండరు ఊరంతా పంచారు. ఇంటింటా గోడకెక్కింది. ఫోటో కింద కంపెనీ పేరు, ఏ మార్పూ చేయలేదన్న హామీ ఉన్నాయి.

దాని పక్కనే ఆమె రాసిచ్చిన ముక్క ఉంది: "సాయంత్రం, మా డాబా మీద నుంచి, తూర్పు వైపు."