నాన్న మాత్ర మార్చాడు

“నాకొద్దురా ఈ జెనరిక్కు బిళ్లలు! నా కంపెనీ బిళ్లే నాకు కావాల!” ఎల్లాజీ మందుల కవరును తిరిగి కొడుకు చేతిలో కుక్కేశాడు.

సాయిబాబుకి ఒళ్లు మండింది. “రెండింట్లో ఉన్న మందు ఒకటే నాన్నా, పేరే వేరు. మార్చుకోవచ్చని డాక్టరుగారు కూడా చెప్పారుగా!”

“బీపీ నాదా, డాక్టరుదా? రోజూ నడిచెల్లే షాపు, అలవాటైన బిళ్ల. నానే ఎల్లి తెచ్చుకుంతాను. నువ్వు మాటాడకు!”

వంటింట్లోంచి భార్య తిరుమల నవ్వింది. “మామయ్య మీద మీరు గెలిచినట్టే!”

ఆ నవ్వు సాయిబాబుకి గట్టిగా గుచ్చుకుంది. ఆ రోజు నుంచి కాఫీ తాగుతున్నా, టీవీ చూస్తున్నా అదే పాట. ఫోన్లో వీడియోలు పెట్టి మరీ చూపించాడు. ఎల్లాజీ కళ్లు మూసుకుని గుర్రు పెట్టినట్టు నటించాడు.

వారం తిరక్కుండానే ఓ సాయంత్రం ఎల్లాజీ పరుగులాంటి నడకతో ఇంట్లోకొచ్చాడు. చెప్పులైనా విప్పలేదు.

“ఒరే సాయీ, బండి తియ్యి! జెనరిక్కు బిళ్లలు కొనుక్కుందాం!”

సాయిబాబు తన చెవుల్ని తనే నమ్మలేకపోయాడు. “నిజంగానా నాన్నా?”

“నిజంగానే. నువ్వు సెప్పిందే రైటు. తిరుమలగిరిలో షాపుంది, బేగి పద!”

“మన పద్మారావు నగర్‌లోనే ఉందిగా?”

“అక్కడిదే మంచిదట.”

గెలిచిన ఊపులో సాయిబాబు ఇంకేమీ అడగలేదు. తిరుమల వైపు ఓసారి గర్వంగా చూసి బండి తీశాడు. దారంతా జెనరిక్ మందుల గొప్పతనం చెబుతూనే ఉన్నాడు. వెనక నుంచి ఎల్లాజీ “అవున్రా, అవున్రా” అంటూనే, “ఇంకాస్త తొందరగా పోనీ” అని తొందరపెట్టాడు.

షాపులో తెల్లకోటు వేసుకున్న ఒకావిడ కౌంటరు దగ్గర నిలబడి ఉంది. సాయిబాబు ఛాతీ విరుచుకుని చీటీ అందించాడు.

“మా నాన్న కంపెనీ మందు తప్ప ముట్టేవారు కాదండీ. నేనే చెప్పి చెప్పి మార్చాను!”

ఆవిడ అతని భుజం మీదుగా ఎల్లాజీని చూసి సిగ్గుగా నవ్వింది.

“ఏందీ సార్, మీ గల్లీ షాపు ఇడిసిపెట్టి ఈడ చేరిన అని గంట కిందనే కదా ఫోన్ల చెప్పిన, అప్పుడే వచ్చేసిన్రా?”