ఇగ చూడనని చెప్పు

బస్సు వేములవాడ దాటిందో లేదో సింధూజ ఫక్కున నవ్వింది.

ముందు సీట్లలోని ఆడవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి కదా, ఎంత గట్టిగా నవ్విందో ఆమెకే తెలియలేదు.

వెనక సీట్లోంచి మేనమామ లక్ష్మీరాజం ముందుకు వంగి భుజం తట్టాడు.

"గీ నవ్వుతోనే గద పిల్లా మనకు గీ తిప్పలు! ఫోన్ లోపల పెట్టు."

నిజమే. పంచాయితీ అంతా ఆ నవ్వు మీదే.

సింధూజ సిరిసిల్లలో బట్టలు కుట్టే కంపెనీలో పనిచేస్తుంది. పని నుంచి వచ్చాక, తన జీతంతో కొనుక్కున్న ఫోన్‌లో తెలుగులోకి డబ్ చేసిన కొరియా ప్రేమకథలు చూస్తుంది. కోరుట్ల సతీశ్‌తో సంబంధం కుదిరింది. ఇంతలో, పిల్ల ఫోన్ పట్టుకుని తనలో తనే నవ్వుతుందని ఎవరో వాళ్ల చెవిన వేశారు. పెద్దల ముందు "ఇగ చూడను" అని ఒక్క మాట చెబితేనే లగ్గం అన్నారు పిల్లవాడి వాళ్లు. సింధూజ తండ్రి మస్కట్‌లో ఉన్నాడు. అందుకే ఆ మాట చెప్పించడానికి మామ తీసుకుపోతున్నాడు.

సింధూజ ఫోన్ ఆపింది. ఎలాగూ చివరి ఎపిసోడ్ అయిపోయింది.

"మంచిగుందా?" అని పక్క సీటు ఆమె అడిగింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో.

"మస్తుంది అక్కా. మీరు గూడ చూస్తరా?"

"చూడక తప్పదు నాకు," అని నవ్విందామె.

"ఒకటి అయిపోతే ఇగ ఏం చూడాల్నో తోస్తలేదు అక్కా. అన్నిట్ల ఆఫీసులు, మేడలే. మొదలు హీరోయిన్ గడుసుగుంటది, ఆఖరుకు మెత్తబడుతది."

"మెత్తబడనిది ఒకటుంది. సముద్రం ఒడ్డున చేపలు ఎండబెట్టే పిల్ల. పట్నం పోరడు అచ్చి నీ మాట మార్చుకో, నీ నడక మార్చుకో అంటడు. ఆమె మారది. వాడే మారుతడు."

సింధూజ ఫోన్ అందుకుని, వెతికి, ఆ సీరియల్ బొమ్మ చూపించింది.

"ఇంకో ముచ్చట. గా పిల్ల తెలుగుల మన లెక్కనే మాట్లాడుతది."

"ఊకో అక్కా! డబ్బింగుల అందరు పుస్తకం చదివినట్టు మాట్లాడుతరు."

"మన మాటే పెట్టుమని కొట్లాడితే ఎందుకు మాట్లాడరు?"

మామ మళ్లీ భుజం తట్టాడు. ఈసారి గొంతు తగ్గించాడు.

"గామెతోని ముచ్చట్లేంది నీకు? మా మేడిపల్లి సాయన్న బిడ్డ భాగ్యశ్రీ. మొగన్ని ఇడిచిపెట్టి హైదరాబాద్ పోయింది. ఆడ ఏం పని చేస్తదో ఎవలకెరుక! కోరుట్లోళ్లు ఎవలన్న చూస్తే ఇంకేమన్న ఉన్నదా?"

గుసగుసే కానీ బస్సులో సగం మందికి వినిపించింది.

భాగ్యశ్రీ వెనక్కి తిరిగింది. "నాకు చెవులు మంచిగనే పనిచేస్తయి లక్ష్మీరాజమన్నా. ఏం పని చేస్తనో అడుగు. చెప్త."

లక్ష్మీరాజం కిటికీలోంచి పొలాలు చూశాడు.

ఆమె సింధూజ వైపు చూసింది. సింధూజ అయినా అడగొచ్చు. కానీ కోరుట్ల గుర్తొచ్చి, బ్యాగు ఇద్దరి మధ్యలో పెట్టి ముఖం అటు తిప్పుకుంది.

మేడిపల్లిలో భాగ్యశ్రీ లేచింది.

"పోయొస్త చెల్లె."

సింధూజ తల ఎత్తకుండా బ్యాగు సర్దుకుంది.

కోరుట్లలో సతీశ్ తల్లి చాయ్ గ్లాసులు ముందు పెట్టింది. పెద్దమనుషులు ఇద్దరు కుర్చీల్లో సర్దుకున్నారు. సతీశ్ సోఫా మూలన ఫోన్‌లో క్రికెట్ చూస్తున్నాడు.

"ఒక్క మాట అను బిడ్డా. ఇగ గా కొరియా సీరియళ్లు చూడనని చెప్పు. అయిపాయె," అంది సతీశ్ తల్లి.

"చెప్పు పిల్లా," అన్నాడు మామ.

సింధూజ నోరు తెరిచింది. ఇందాక వీళ్ల కోసమే ఒక మనిషి నుంచి ముఖం తిప్పుకుంది. ఇప్పుడు నవ్వు మానమంటున్నారు. రేపు ఇంకేం మానమంటారో?

"సతీశ్ గూడ క్రికెట్ చూడనంటడా అత్తమ్మా?"

గదిలో ఎవరి చాయ్ వారి చేతిలో ఆగింది.

"వానితోని నీకు పోటీనా?" అంది సతీశ్ తల్లి.

"పోటీ కాదు. అడుగుతున్న."

సతీశ్ అప్పుడు తలెత్తాడు. "నేను పనికి పోయొచ్చి చూస్త."

"నేను గూడ పనికి పోయొచ్చే చూస్త." సింధూజ లేచి నిలబడింది. "నాకు నవ్వొస్తే నవ్వుత. గది మీ ఇంట్ల నడవదంటే, ఈ సంబంధం నాకద్దు."

తిరుగు బస్సులో మామ ఆమెకు దూరంగా కూర్చున్నాడు. ఫోన్‌లో తన చెల్లెలికి, అంటే సింధూజ తల్లికి, అన్నీ చెప్పేశాడు.

ఇంటికి వచ్చేసరికి తల్లి సాయవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. తిట్లకు సిద్ధపడి సింధూజ గుమ్మం దాటింది.

"ఆళ్లింట్ల చాయ్ అన్న తాగినవా?"

"లేదు."

సాయవ్వ ఇంకో ఆకు చుట్టి దారం కట్టింది.

"గదేందో పెట్టు. దేని మీద సంబంధం పోయిందో నేను గూడ చూస్త."

సింధూజ ఫోన్‌ను గోడకు ఆనించి, బస్సులో చూపించిన బొమ్మ మీద నొక్కింది. సముద్రం. తాళ్ల మీద ఎండుతున్న చేపలు. సూటు వేసుకున్న పోరడు ముక్కు మూసుకుని ఏదో అన్నాడు. చేపల పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని గిర్రున తిరిగింది.

"ఏం మాట్లాడుతున్నవ్ పిలగా? నేనెందుకు మారాలె? నా మాట సమజ్ కాకుంటే నువ్వే నేర్చుకో!"

సాయవ్వ చాట పక్కన పెట్టి పగలబడి నవ్వింది.

"అవ్వో! ఎవలే గీ పిల్ల? అచ్చం మా మేడిపల్లి పిల్ల లెక్కనే మాట్లాడవట్టె!"

సింధూజకు మాత్రం నవ్వు రాలేదు. పెదవులు కొరియా పిల్లవే గానీ, వినిపిస్తున్నది పొద్దున తనకు "పోయొస్త చెల్లె" అని చెప్పి బస్సు దిగిపోయిన భాగ్యశ్రీ గొంతు.